విన్స్ లొంబార్డి

విన్స్ లొంబార్డి (జూన్ 11, 1913 - సెప్టెంబరు 3, 1970) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ప్రసిద్ధ అమెరికన్ ఫుట్‌బాల్ శిక్షకుడు. ఇతని పూర్తి పేరు విన్సెంట్ థామస్ లొంబార్డి. 1959 నుండి 1967 వరకు గ్రీన్ బే పాకర్స్ జట్టుకు ప్రధాన శిక్షకునిగా (హెడ్ కోచ్) పనిచేసి, ఏడేళ్ళ వ్యవధిలో ఐదు సార్లు ఆ జట్టును నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్.ఎఫ్.ఎల్.) విజేతగా నిలిపాడు. వృత్తి క్రీడలో ప్రధాన శిక్షకునిగా ఇతడు పనిచేసినది పది సీజన్లు మాత్రమే. వాటిలో ఏ ఒక్కదానిలోనూ ఇతని జట్టుకు గెలుపుల కంటే ఓటములు ఎక్కువ కాలేదు.

అమెరికన్ ఫుట్‌బాల్ మన దేశంలో ఫుట్‌బాల్ అని పిలిచే ఆటకు భిన్నమైనది. ఇందులో కోలగా ఉండే బంతిని చేతులతో పట్టుకొని పరుగెత్తుతూ, విసురుతూ ఆడతారు. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి. ప్రతి ప్రయత్నంలోనూ పదకొండు మందిలో ఎవరు ఎటు కదలాలో ముందుగానే నిర్ణయిస్తారు. అందువలన ఈ ఆటలో శిక్షకుని పాత్ర చాలా ముఖ్యమైనది.

బాల్యం, విద్య

లొంబార్డి న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఇటాలియన్ మూలాలు గల కుటుంబంలో జన్మించాడు. ఐదుగురు సంతానంలో ఇతడు పెద్దవాడు. తండ్రి మాంసం వ్యాపారి. మొదట కాథలిక్ మతగురువు కావాలనే ఉద్దేశంతో చదువు ప్రారంభించి, తరువాత ఆ ఆలోచన విరమించుకున్నాడు. 1937లో ఫోర్డ్‌హాం విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడయ్యాడు. అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ముందు వరుసలో ఆడాడు.

సుదీర్ఘ నిరీక్షణ

1939లో న్యూజెర్సీ రాష్ట్రం, ఎంగిల్‌వుడ్‌లోని సెయింట్ సిసీలియా ఉన్నత పాఠశాలలో చేరి లాటిన్, భౌతిక, రసాయన శాస్త్రాలు బోధిస్తూ ఫుట్‌బాల్ నేర్పాడు. 1949లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో రెడ్ బ్లేక్ వద్ద సహాయ శిక్షకునిగా చేరాడు. ఆటల ఫిల్ములను మళ్ళీ మళ్ళీ చూసి విశ్లేషించే పద్ధతి ఇక్కడే అలవడింది. 1954లో న్యూయార్క్ జెయింట్స్ జట్టులో దాడి విభాగం బాధ్యత చేపట్టాడు. రక్షణ విభాగాన్ని చూసిన టామ్ లాండ్రీ కూడా తరువాతి కాలంలో గొప్ప శిక్షకునిగా పేరొందాడు. 1956లో జెయింట్స్ జట్టు విజేతగా నిలిచింది.

అయినప్పటికీ ప్రధాన శిక్షకుని పదవి ఇతనికి 45 ఏళ్ళు వచ్చేవరకు దక్కలేదు. తన ఇటాలియన్ పేరే ఇందుకు కారణమని లొంబార్డి నమ్మేవాడు.

గ్రీన్ బే పాకర్స్

విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రీన్ బే అప్పటికి సుమారు 63 వేల జనాభా గల చిన్న పట్టణం. పాకర్స్ జట్టుకు ధనిక యజమాని ఎవరూ లేరు; అది ప్రజలే వాటాదారులుగా నడిచే సంస్థ. 1958 సీజన్‌లో ఆ జట్టు 12 ఆటలలో ఒక్కటే గెలిచింది. 1959లో లొంబార్డి ప్రధాన శిక్షకునిగా, జనరల్ మేనేజరుగా బాధ్యతలు స్వీకరించాడు. తొలి సీజన్‌లోనే జట్టు 7 ఆటలు గెలిచి, 5 ఓడింది. 1947 తరువాత ఓటముల కంటే గెలుపులు ఎక్కువైన సీజన్ ఇదే.

ఎత్తులు తక్కువ, సాధన ఎక్కువ అన్నది ఇతని విధానం. వీటిలో ప్రసిద్ధమైనది "పవర్ స్వీప్". ఇందులో ముందు వరుసలోని ఇద్దరు గార్డులు తమ స్థానం వదిలి పక్కకు పరుగెత్తి, వెనుక బంతితో వచ్చే ఆటగానికి దారి చేస్తారు. అతడు ఎక్కడ సందు కనిపిస్తే అటు మళ్ళుతాడు. ఈ ఎత్తు ప్రత్యర్థులందరికీ తెలిసినదే. తెలిసినా ఆపలేనంతగా దానిని సాధన చేయించడమే లొంబార్డి ప్రత్యేకత. 1956 ఎంపికలలో 17వ రౌండు వరకు ఎవరూ తీసుకోని బార్ట్ స్టార్, ఇతని శిక్షణలో మేటి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు.

1960లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ చేతిలో 17-13 తేడాతో పాకర్స్ ఫైనల్ ఓడిపోయింది. లొంబార్డి ప్లేఆఫ్ ఆటలలో ఓడినది అదొక్కటే. ఆ తరువాతి తొమ్మిదీ గెలిచాడు. 1961, 1962, 1965, 1966, 1967 సంవత్సరాలలో జట్టు విజేత అయ్యింది. 1933లో ఫైనల్ ఆట పద్ధతి వచ్చిన తరువాత, 2025 సీజన్ వరకు, ఎన్.ఎఫ్.ఎల్.లో వరుసగా మూడేళ్ళు విజేతగా నిలిచిన జట్టు ఇదొక్కటే. మొదటి సూపర్ బౌల్‌లో (జనవరి 15, 1967) కాన్సాస్ సిటీ చీఫ్స్‌పై 35-10 తేడాతోను, రెండవ దానిలో (జనవరి 14, 1968) ఓక్లండ్ రైడర్స్‌పై 33-14 తేడాతోను పాకర్స్ గెలిచింది.

ఐస్ బౌల్

1967 డిసెంబరు 31న డల్లాస్ కౌబాయ్స్‌తో గ్రీన్ బేలో జరిగిన ఫైనల్ "ఐస్ బౌల్"గా ప్రసిద్ధి చెందింది. ఉష్ణోగ్రత సున్నాకు 25 డిగ్రీల సెల్సియస్ దిగువకు పడిపోయింది. మైదానం కింద అమర్చిన వేడి తీగలు పనిచేయక నేల గడ్డకట్టింది. ఆట ముగియడానికి 16 సెకన్లు ఉండగా పాకర్స్ 14-17తో వెనుకబడి, గీతకు గజం లోపు దూరంలో ఉంది. బంతిని తన్ని మూడు పాయింట్లు తెచ్చుకొంటే స్కోరు సమమయ్యేది. పరుగు తీసి విఫలమైతే సమయం మించిపోయే ప్రమాదముంది. లొంబార్డి గెలుపునకే మొగ్గు చూపాడు. స్టార్ స్వయంగా బంతితో గీత దాటగా పాకర్స్ 21-17తో గెలిచింది.

జాతి వివక్షపై వైఖరి

తాను వివక్షకు గురయ్యానని భావించిన లొంబార్డి తన జట్టులో దానిని సహించలేదు. నల్లజాతి ఆటగాళ్ళను రానివ్వని దుకాణాలకు, హోటళ్ళకు జట్టులో ఎవరూ వెళ్ళరాదని గ్రీన్ బే వ్యాపారులకు స్పష్టం చేశాడు. విల్లీ డేవిస్, హెర్బ్ ఆడర్లీ, విల్లీ వుడ్ వంటి నల్లజాతి క్రీడాకారులు ఇతని జట్టులోనే ప్రముఖులయ్యారు.

విమర్శలు

ఇతని శిక్షణ కఠినమైనదని, ఆటగాళ్ళను తీవ్రంగా మందలించేవాడని విమర్శలున్నాయి. 1968 జనవరిలో ఎస్క్వైర్ పత్రిక తనను క్రూరునిగా చిత్రించిన వ్యాసం ఇతనిని బాధించింది. గెలుపు తప్ప మరేదీ లేదన్న అర్థం గల నానుడిని ఇతనికి ఆపాదిస్తారు గాని, కళాశాల శిక్షకుడు రెడ్ శాండర్స్ దానిని అంతకు ముందే వాడాడు.

చివరి రోజులు

1968లో శిక్షకుని పదవి వదిలి జనరల్ మేనేజరుగా మాత్రమే కొనసాగాడు. ఆ ఏడాది పాకర్స్ 6 ఆటలు గెలిచి 7 ఓడింది. మైదానానికి దూరంగా ఉండలేక 1969లో వాషింగ్టన్ జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆ జట్టు 7 గెలిచి, 5 ఓడి, 2 సమం చేసింది. 1955 తరువాత దానికి ఓటములకు మించి గెలుపులు దక్కినది ఆ ఏడాదే. మరుసటి సీజన్ ప్రారంభం కాకముందే, పెద్దప్రేగు క్యాన్సరుతో 57వ ఏట వాషింగ్టన్‌లో మరణించాడు.

అదే సంవత్సరం సూపర్ బౌల్ ట్రోఫీకి "విన్స్ లొంబార్డి ట్రోఫీ" అని పేరు పెట్టారు. 1971లో వృత్తి ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇతనికి స్థానం లభించింది. లీగ్ ఆటలలో ఇతని మొత్తం ఫలితాలు 96 గెలుపులు, 34 ఓటములు, 6 సమానాలు.