‘రాంప్’ శబ్దార్థపరిణామము

ఆంగ్లభాషయందలి ‘రాంప్’ అను పదమునకు నేఁడు రెండర్థములు ప్రసిద్ధములు. పిల్లలు గంతులిడుచు నల్లరిగా నాడెడి యాట యొకటి; శ్రమ లేక సాధించిన గెలుపు రెండవది. ఈ రెంటికిని గల సంబంధము విచార్యము.

తెలుఁగునఁ బడిసెమునకుఁ బేరైన రొంపతో దీనికి సంబంధము లేదు; శబ్దసామ్యమాత్రమున వ్యుత్పత్తి చెప్పుట పిల్లలాట. నిఘంటుకారులు దీనిని ‘ర్యాంప్’ అను పూర్వపదమునకు రూపభేదముగాఁ జెప్పుదురు. అది ప్రాచీన ఫ్రెంచిభాషనుండి వచ్చినది; ప్రాఁకుట, వెనుకకాళ్లపై లేచి నిలుచుట దాని యర్థములు. స్కాట్లండు రాజలాంఛనమునందుఁ బంజా లెత్తి నిలిచిన సింహమునకుఁ గల ‘ర్యాంపంట్’ అను విశేషణ మీ ధాతువునుండి పుట్టినదే.

సింహమునకు శోభయైన పదము స్త్రీకి నిందయైనది. 15వ శతాబ్దిలో ‘ర్యాంప్’ అనఁగా సిగ్గు విడిచిన గయ్యాళి. 18వ శతాబ్ద్యారంభమున వెలసిన ‘రాంప్’ రూపము గంతులు వైచు పిల్లను, ఆమె యాటను గూడఁ దెలిపెడిది. 1755లో జాన్సను తన నిఘంటువున దీనికి మోటుఁదనము, అల్లరి, శిక్షణలేమి గల బాలిక యను నర్థమును వ్రాసెను. మగపిల్లవాఁ డట్లే గంతులిడినచో వానికిఁ బ్రత్యేకపద మక్కఱలేకపోయినది కాఁబోలు! అయినను నా శతాబ్ది తుదిభాగముననే ‘ది రాంప్’ అను హాస్యరూపకమున నట్టి బాలిక పాత్రను ధరించి డరొతీయా జోర్డన్ అను నటి లండను ప్రేక్షకుల మెప్పు వడసెను.

గెలుపను నర్థము 19వ శతాబ్ది చివర గుఱ్ఱపుపందెములవారి వాడుకలోఁ గానవచ్చును. తక్కిన గుఱ్ఱములు రొప్పుచుండఁగా నొక్కటి యాడుకొనుచున్నట్లు గమ్యము చేరినచో దాని పరుగు ‘రాంప్’. పిదప నది యితరక్రీడలకును, ఎన్నికలకును వ్యాపించెను.

దీనిని పందెగాండ్ర వికారప్రయోగమని త్రోసిపుచ్చుట యుక్తము గాదు. హేల, లీల యను రెండుపదములను నమరసింహుఁడు నాట్యవర్గమున స్త్రీల శృంగారచేష్టలలోఁ జేర్చెను. అవియే తృతీయావిభక్తియందు ‘హేలయా’, ‘లీలయా’ యని యైనపుడు శ్రమ లేకుండ నను నర్థము నిచ్చును. తెలుఁగున ‘అవలీలగా’ అనువారికి నందలి యాట స్ఫురింపనే స్ఫురింపదు. బ్రహ్మసూత్రములందు (2.1.33) జగత్సృష్టి లీలగాఁ జెప్పఁబడినది; మనకు మహాప్రయాసముగాఁ దోఁచు నీ సృష్టి యపరిమితశక్తి గల పరమేశ్వరునకు లీలామాత్రమే యని శంకరుల భాష్యము. అచటఁ గ్రీడను, అనాయాసమును వేఱుచేయ నలవి గాదు. పందెపు గుఱ్ఱమునందుఁ గానవచ్చు నర్థపరిణామమును నిదియే.

ఒక్క భేదము గలదు. హేలాశబ్దమునకుఁ దిరస్కారార్థమును గలదు. తెలుఁగున వాడుకలో నున్న ‘అవహేళన’ యా కుదురునకుఁ జెందినదే. ‘రాంప్’ శబ్దమునందలి తిరస్కారము మాత్రము గెలుపువైపునకు రాలేదు. ఆఁడుపిల్ల యను నర్థముతోడనే నిలిచి, యా యర్థముతోడనే వాడుకనుండి జాఱినది.