దీపపు తీగమీద వార్తాయానము

ఊరి పొలిమేరలోని 132 కిలోవోల్టుల సబ్‌స్టేషను ప్రక్కగా పోవువారు ఒక్కమారు తలయెత్తి చూచినచో, దూరమునుండి టవర్లమీదుగా వచ్చిన తీగ లోపలి యంత్రములను చేరుటకు ముందే, పీపా ఆకారముగల పెద్ద లోహపు చుట్ట యొకటి దానికి వ్రేలాడుచుండుట కానవచ్చును. అక్కడి ఉద్యోగులు దానిని వేవ్ ట్రాప్ అందురు. సెకనునకు 50 ఆవృత్తులతో వచ్చు విద్యుత్తును అది నిరాటంకముగా లోనికి విడిచిపెట్టును. ఆ విద్యుత్తుతోపాటు అదే తీగమీద, సెకనునకు లక్షలకొలది ఆవృత్తులతో కంపించుచు వచ్చు సన్నని సంకేతమును మాత్రము ఆపి, ప్రక్కనున్న పింగాణీ స్తంభములోని కెపాసిటరుగుండ క్రిందికి దింపి, కంట్రోలు రూములోని టెలిఫోనునకు అప్పగించును. ఊరికి దూరముగా, బయటి టెలిఫోను తీగ చేరని చోట్లనున్న సబ్‌స్టేషన్లవారు లోడ్ డిస్పాచ్ కేంద్రముతో మాటలాడుటకు దశాబ్దములపాటు ఆధారమైనది ఈ యేర్పాటే. ఊరికి వెలుగు నిచ్చు తీగయే ఊరి మాటనుగూడ మోసినది.

ఆ పీపావంటి చుట్టకును, నేడు అంగడిలో జతగా అమ్ము పవర్‌లైన్ ఎడాప్టరు అను చిన్న పెట్టెకును దగ్గరి బంధుత్వము కలదు. హాలులోని రౌటరు ప్రక్కనున్న సాకెట్టులో ఒక పెట్టెను గ్రుచ్చి, దానికిని రౌటరునకును మధ్య ఒక చిన్న తీగ తగిలించి, రెండవ పెట్టెను వెనుకగదిలోని సాకెట్టులో గ్రుచ్చి దానికి కంప్యూటరును తగిలించినచో, గోడలకు క్రొత్తగా బెజ్జము వేయకయే, ఏనాడో మేస్త్రీ గోడలో పూడ్చిన రాగితీగ వెంటనే ఇంటర్నెట్టు ఆ గదికి చేరును. చూచువారికి ఇది క్రొత్త వింతగా తోచును గాని, దీని వెనుక నున్న ఆలోచన మన తాతల కాలము నాటిది.

ఒకే తీగమీద బలమును వార్తయు నడచుచు ఒకదానితో నొకటి కలిసిపోకుండుటకు కారణము ఆవృత్తులలోని అంతరమే. కెపాసిటరు అను సాధనము నెమ్మదిగా ఊగు విద్యుత్తునకు గోడవలెను, మిక్కిలి వేగముగా ఊగు విద్యుత్తునకు ద్వారమువలెను ప్రవర్తించును. సెకనునకు 50 ఆవృత్తుల ప్రవాహమునకు అది చూపు అడ్డంకిలో రెండులక్షలవ వంతు మాత్రమే సెకనునకు కోటి ఆవృత్తుల సంకేతమునకు చూపును. అందుచేత చేయి తగిలినచో ప్రాణము తీయగల 230 వోల్టులను అవతలనే నిలిపి, కొద్దిపాటి వోల్టుల సంకేతమును మాత్రము లోనికి రానిచ్చుట సాధ్యమగుచున్నది. చుట్టది దీనికి సరిగా విపరీత స్వభావము. ఈ రెండింటి జంటలోనే ఈ విద్య యొక్క మూలమంతయు నిమిడియున్నది.

ఈ విద్య మొదట మాటకొరకు గాక ఆజ్ఞకొరకు పనికివచ్చినది. యూరపులోని విద్యుత్సంస్థలు గత శతాబ్దపు పూర్వార్ధముననే తమ తీగలమీద కొన్నివందల ఆవృత్తుల సంకేతమును ప్రవేశపెట్టి, మీటరు ప్రక్కనున్న గ్రాహకములద్వారా వీధిదీపములను వెలిగించుటకును ఆర్పుటకును, రాత్రివేళ చౌకధరకు మీటరును మార్చుటకును నేర్చుకొనినవి. న్యూజిలాండులో ఇంటింటి వేడినీటి తొట్లను రద్దీవేళ ఆపివేయుటకు ఈ పద్ధతినే విరివిగా వాడిరి. ఇదంతయు ఒకవైపు నుండియే సాగు సంభాషణము; తీగ చెప్పును, ఇల్లు వినును.

తీగమీద మాటను, పాటను నడపవలెనని పట్టుబట్టినవారిలో అమెరికా సైన్యమునకు చెందిన జార్జి ఓవెన్ స్క్వయర్ ముఖ్యుడు. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందిన ఈ సైనికుడు, 1910లో వాషింగ్టను నగరమున, ఒకే టెలిఫోను తీగమీద వేర్వేరు వాహకతరంగములతో ఒకటికంటె నెక్కువ సంభాషణలను నడపి చూపెను. తీగలేని రేడియో తరంగమును తీగవెంట నడపుట గనుక దీనికి ‘వైర్డ్ వైర్‌లెస్’, అనగా తీగగల నిస్తంత్రి, అను విరోధాభాసము వంటి పేరు వచ్చినది. రేడియోపెట్టెలు ఖరీదైనవియు సతాయించునవియునై యున్న ఆ రోజులలో, ప్రతి యింటికి ఇదివరకే చేరిన దీపపు తీగమీదనే సంగీతమును పంపినచో శ్రోతకు శ్రమ తప్పునని ఆయన తలచెను. 1922లో నార్త్ అమెరికన్ కంపెనీ అను విద్యుత్సంస్థ ఆయన హక్కులను తీసికొని, న్యూయార్కునకు చేరిన స్టాటెన్ ఐలండులో ఈ ప్రయోగము జరిపినది. కాని ఈలోపల రేడియో చౌకయై, ఆకాశమునుండి పాట ఉచితముగా కురియసాగెను. 1934లో, తాను మరణించిన యేటనే, కొడాక్ అను పేరులోని నాదము నచ్చి స్క్వయర్ తన సంస్థకు మ్యూజాక్ అని నామకరణము చేసెను. ఆ సంగీతము తరువాత దీపపు తీగను విడిచి టెలిఫోను తీగలమీదుగా హోటళ్లకు, అంగళ్లకు పోయినది. స్క్వయరు ఊహ తప్పుకాదు. అది కాలమునకంటె ముందు నడచినది. ఇదివరకే గోడలోనున్న తీగకు రెండవ పని నేర్పవలెనను ఆయన ఆశ తిరిగి ఇండ్లలోనికి వచ్చుటకు నాలుగు దశాబ్దములు పట్టినది.

అట్లు వచ్చినది స్కాట్లండులోని గ్లెన్‌రోథెస్ పట్టణమునుండి. అచ్చటి పికో ఎలక్ట్రానిక్స్ అను చిన్న సంస్థ 1975లో చేపట్టిన పదియవ పనికి ఎక్స్-10 అను పేరు నిలిచిపోయినది. విద్యుత్తు ఒక దిశనుండి మరియొక దిశకు మరలునపుడు క్షణకాలము దాని వోల్టేజి సున్న యగును. తీగ యంతయు కొంత నిశ్శబ్దముగా నుండు ఆ సంధికాలమును చూచుకొని, 1,20,000 ఆవృత్తుల చిన్న పలుకును సెకనులో వెయ్యవవంతు కాలము పంపుటయే ఇందలి కౌశలము. పలుకు ఉన్నచో ఒకటి, లేనిచో సున్న. 16 ఇంటిగుర్తులు, 16 పరికరపు గుర్తులు కలిపి 256 దీపములను, ఫ్యానులను కుర్చీలో కూర్చుండియే నడపవచ్చును. 1978 నుండి అమెరికాలోని అంగళ్లలో ఈ పెట్టెలు అమ్ముడుపోయినవి. సెకనునకు 60 బిట్లకు మించని ఈ నడక దీపము ఆర్పుటకు చాలును గాని, ఒక్క ఛాయాచిత్రమును పంపవలెనన్నను గంటలు పట్టును. అయినను, తీగ ఎప్పుడు నిమ్మళముగా నుండునో కనిపెట్టి అప్పుడే మాటలాడవలెనను వివేకమునకు నేనెంతయు విలువ నిత్తును. అది తరువాతివారికి మిగిలిన ఆస్తి.

ఏలయనగా ఇంటి విద్యుత్తీగ మాటను మోయుటకు పుట్టినది కాదు. టెలిఫోను తీగ ఇరుకొసల నడుమ ఒకే దారిగా పోవును. ఇంటి వైరింగో, ప్రతి స్విచ్చిబోర్డుకడ చెట్టుకొమ్మవలె చీలి, ఏమియు తగిలింపని సాకెట్టుకడ అర్ధాంతరముగా ఆగిపోవును. అట్టి ప్రతి మొండికొసను తాకి సంకేతము ప్రతిధ్వనించి వెనుకకు మరలి, తన తరువాత వచ్చు పలుకుతో కలిసి దానిని చెరచును. ఇక మిక్సీలోని బ్రష్షులు రాల్చు నిప్పురవ్వలు, ఫ్యాను రెగ్యులేటరు వేయు కోత, సెల్‌ఫోను ఛార్జరు చేయు నిరంతర రొద, ఫ్రిజ్జి మొదలగుటతో తీగ స్వభావమే మారిపోవుట: ఇవన్నియు కలిసినపుడు, ఉదయము చక్కగా నడచిన మార్గము సాయంకాలమునకు మూతపడును. పెద్దగా అరచినచో వినబడును గదా యందుమేని, అరచిన కొలది తీగయే ఆంటెన్నాయై పొరుగువారి రేడియోను చెరచును.

కంప్యూటర్లకొరకై మొదట అంగడికి వచ్చినవానిలో, నోవెల్ సంస్థనుండి చీలి యూటా రాష్ట్రమున వెలసిన ఇంటెలోజిస్ వారి పాస్‌పోర్ట్ ఒకటి. ప్రింటరు తగిలించు పోర్టుద్వారా సెకనునకు మూడున్నర లక్షల బిట్లు నడపినది. రెండు స్వరములతో పలుకు ఆ పద్ధతి రొద ముందు నిలువలేదు.

నిలిచినది వేరొక మార్గము. ఒక్క గొంతుతో వేగముగా పలుకుటకు మారుగా, అనేకములైన సన్నని గొంతులతో, ఒక్కొక్కటి నెమ్మదిగా, ఏకకాలమున పలుకుట. బెల్ లేబొరేటరీలలో రాబర్ట్ చాంగ్ 1966లో ఈ భావమును ప్రకటింపగా, 1971లో వైన్‌స్టీన్, ఎబర్ట్ అనువారు దానిని గణితరీతిగా సులువుగా సాధించు ఉపాయము చూపిరి. చవుకగా దొరకు చిప్పులు ఆ గణితమును క్షణములో చేయగల కాలము వచ్చువరకు అది వేచియున్నది. ఒక్కొక్క పలుకు దీర్ఘమైనందున వెనుకకు మరలిన ప్రతిధ్వని ఆ పలుకులోనే అణగిపోవును. ఒక పౌనఃపున్యమున రొద హెచ్చినచో ఆ ఒక్క గొంతును మాన్పించి మిగిలినవానితో పని సాగింపవచ్చును. కావళ్లతో ధాన్యము మోయించు ఆసామి, కాలు నొచ్చిన కూలివానిని కూర్చుండబెట్టి తక్కినవారితో గాదె నింపుకొనునట్టిది ఈ యేర్పాటు. ఫ్లారిడాలోని ఓకాలా పట్టణపు ఇంటెలాన్ సంస్థ ఈ విద్యను ఇంటితీగకు అన్వయించినది. 2000 మార్చిలో పలు సంస్థలు చేరి హోమ్‌ప్లగ్ కూటమి నేర్పరచి, 2001లో తొలి ప్రమాణమును వెలువరించినవి: 84 గొంతులు, సెకనునకు 1.4 కోట్ల బిట్లు. 2005లో వచ్చిన హోమ్‌ప్లగ్ ఏవీ ఆ గొంతులను వేయికి మించి పెంచి, ఒక్కొక్క కావడివాని బలమును బట్టి బరువు నిర్ణయించి, అట్టపెట్టెమీద 20 కోట్ల బిట్ల వేగమును వ్రాయించుకొన్నది. వాస్తవముగా చేతికందునది అందులో సగమునకును తక్కువే. విద్యుత్తరంగము ఎగయుట పడుటలతో రొదయు మారునని గుర్తించి, ఆ తరంగపు తాళమునకు అనుగుణముగానే ఇది నడక మార్చుకొనును. ఎక్స్-10 నాటి వివేకమిచ్చట మరల కానవచ్చుచున్నది.

ఇంటిలోపల నెగ్గిన ఈ విద్య వీధిలో నెగ్గలేదు. ఇంగ్లండులో నార్టెల్, నార్‌వెబ్ సంస్థలు మాంచెస్టరు ప్రాంతమున ఇంటింటికి విద్యుత్తీగమీదనే ఇంటర్నెట్టు నిత్తుమని 1997లో చాటి, 1999లో ఆ పనిని విరమించినవి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు మనాసస్ పట్టణము 2005లో ఊరంతటికి ఈ సేవ నందించి, 2010లో ముగించినది. స్తంభములమీద తెరిచియున్న తీగ, గోడలోని తీగవలెగాక, సంకేతమును నలుదిక్కుల వెదజల్లును. దూరదేశములతో హ్రస్వతరంగములమీద ముచ్చటించు హామ్ రేడియో ఔత్సాహికులు అందుకై న్యాయస్థానమువరకు పోయి పోరాడిరి. హోమ్‌ప్లగ్ వారు మాత్రము మొదటి ప్రమాణమునుండియే 7, 10, 14, 18 మెగాహెర్ట్జుల ప్రాంతములలో ఆ ఔత్సాహికుల పట్టీలను ఖాళీగా విడిచిపెట్టిరి. ఈ కథలో నాకు మిక్కిలి ప్రీతికరమైన ఘట్టమిది. ఎవరో ఎరుగని వాడు ఏ మిద్దెమీదనో చెవియొగ్గి వినుచుండునని తలచి, తమ కావలసిన మార్గములో కొంత భాగమును ముందుగానే వదలుకొనిరి.

మన ఇండ్ల విషయము కొంత వేరు. ఇటుకగోడలు, సిమెంటు స్లాబులు వైఫైని అడ్డుటచే ఈ పెట్టెల యవసరము మనకును కలదు. కాని మూడు ఫేజుల కనెక్షను గల మేడలలో క్రింది యంతస్తు ఒక ఫేజుమీద, పై యంతస్తు మరియొక ఫేజుమీద నుండుట పరిపాటి. ఒకదానినుండి మరియొకదానికి సంకేతము నేరుగా పోదు. తీగలు ప్రక్కప్రక్కల పోవుటచే లంఘించునది మాత్రమే చేరును. ఇన్వర్టరునకు విడిగా వేసిన లైను వేరొక దీవి. స్పైక్ బస్టరులో గ్రుచ్చినచో, వోల్టేజి పోట్లను మ్రింగుటకు దానిలో పెట్టిన భాగములే సంకేతమునుగూడ మ్రింగివేయును. అందుచేత పెట్టెను నేరుగా గోడసాకెట్టులోనే పెట్టవలెను. 2012లో వచ్చిన ఏవీ2 ప్రమాణము ఫేజు, న్యూట్రలులతోపాటు ఎర్తు తీగనుగూడ వాడుకొని వేగము పెంచును. ఎర్తు సరిగా వేయని పాత ఇండ్లకు ఈ లాభము లేదు. అపార్టుమెంట్లలో ప్రక్కవాటాకు సంకేతము ప్రాకవచ్చును గనుక, కర్మాగారమునుండి ‘హోమ్‌ప్లగ్ ఏవీ’ అని అందరికి నొకటిగా వచ్చిన తాళపుమాటను, జతచేయు బొత్తాము నొక్కి, తప్పక మార్చుకొనవలెను.

2009లో ఇంటెలాన్ వేరు చేతులలో పడినది. 2010లో ఈ విద్యకు అంతర్జాతీయ ప్రమాణము వచ్చినది. పిదప మెష్ వైఫై ఇండ్లలో ఈ పెట్టెల స్థానమును చాలవరకు ఆక్రమించినది. కాని ఆ పెట్టెల భాష మాసిపోలేదు. హైదరాబాదులోనో విజయవాడలోనో విద్యుత్కారును సీసీఎస్ అను పద్ధతి ఛార్జరునకు తగిలించునప్పుడు, బ్యాటరీలో నెంత మిగిలియున్నది, ఎన్ని వోల్టులు కావలెను, ఎన్ని యాంపియర్లు తట్టుకొనగలదు అను ప్రశ్నోత్తరములు కారునకును ఛార్జరునకును నడుమ సాగిన పిదపనే ప్రవాహము మొదలగును. లావుపాటి కేబులులో బలము మోయు తీగల ప్రక్కనే పోవు సన్నని పైలట్ తీగమీద నడచు ఆ సంభాషణము, గదినుండి గదికి ఇంటర్నెట్టు మోయుటకు పుట్టిన హోమ్‌ప్లగ్ భాషయొక్క ఒక తేలికరూపములోనే, హోమ్‌ప్లగ్ గ్రీన్ ఫై అను పేర, జరుగుచున్నది.