నేచురల్ 20: పుస్తకం కన్నా ముందు టేబుల్ మీద పుట్టిన రూల్

లూడోలో ఆరు పడితేనే కాయ బయటికి రావాలి. కొందరి ఇళ్లల్లో ఒకటి పడినా వస్తుంది. ఆట మధ్యలో ఈ గొడవ మొదలైతే ఇక ఆ రోజు ఆట అయిపోయినట్టే కదా?

మా గ్యాంగ్‌లో ఇలాంటి గొడవే డంజన్స్ అండ్ డ్రాగన్స్ దగ్గర వచ్చింది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: ఒకరు డంజన్ మాస్టర్‌గా కథ నడిపిస్తారు, మిగతావాళ్లకి తలో క్యారెక్టర్ ఉంటుంది. దెబ్బ తగిలిందా లేదా అన్నది 20 ముఖాల డైస్ తేలుస్తుంది. మొదటి రోజు, మొదటి ఫైట్, మాస్టర్‌ని నేనే. నా గోబ్లిన్ బాణం వేస్తే సరిగ్గా 20 పడింది. అంటే క్రిటికల్ హిట్, డ్యామేజ్ డైస్ రెట్టింపు వేయాలి. మా ఫ్రెండ్ విజార్డ్‌కి ఉన్నవి 8 హిట్ పాయింట్లు, నాకు వచ్చింది 11. రెండు గంటలు కూర్చుని తయారుచేసుకున్న క్యారెక్టర్ రెండు నిమిషాల్లో నేల మీద పడింది. "ఎవడు రాశాడ్రా ఈ రూల్?" అన్నాడు వాడు. నేను వెతకడం మొదలుపెట్టాను.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటని తెచ్చినప్పుడు ఆ రూల్ లేనే లేదు. 1975లో ఎం.ఎ.ఆర్. బార్కర్ అనే ఉర్దూ ప్రొఫెసర్ రాసిన 'ఎంపైర్ ఆఫ్ ది పెటల్ త్రోన్' అనే వేరే గేమ్‌లో 20కి డబుల్ డ్యామేజ్ పెట్టారు. డి అండ్ డి ఆడేవాళ్లు కూడా దీన్ని తమ టేబుళ్ల మీద వాడేశారు.

గైగాక్స్‌కి ఇది అస్సలు నచ్చలేదు. 1979 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో గట్టిగానే వ్యతిరేకించారు. లెక్క వేస్తే ఆయన వైపు న్యాయం ఉంది. గోబ్లిన్ ఒక్క ఫైట్‌లో చచ్చిపోతుంది, మన హీరో మాత్రం ప్రతి ఫైట్‌లోనూ ఉంటాడు. వాడి మీద 40 దాడులు జరిగితే సగటున రెండుసార్లు 20 పడుతుంది. సరదాగా కనిపించే రూల్ చివరికి హీరోనే ఎక్కువ దెబ్బతీస్తుంది.

అయినా టేబుళ్లు వినలేదు. 1989 ఎడిషన్‌లో అది ఆప్షనల్ రూల్ అయింది, 2000లో అసలు రూలే అయిపోయింది.

తమాషా ఏంటంటే, అదే 1979 పుస్తకంలో గైగాక్స్ ఇంకో చోట మెత్తబడ్డారు. మొదట్లో క్యారెక్టర్ బలం, తెలివి లాంటివాటికి మూడు డైస్ వేసి వచ్చిందే తీసుకోవాలి. 18 పడే ఛాన్స్ 216లో ఒకటి. ఈ పుస్తకంలో నాలుగు వేసి, తక్కువది తీసేయొచ్చు అన్నారు. ఛాన్స్ దాదాపు 62లో ఒకటికి వచ్చింది. ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది.

అలాగని ప్రతి ఇంటి రూలూ పుస్తకంలోకి ఎక్కదు. తాళం తీయడం, గోడ ఎక్కడం, ఏదైనా సరే 20 పడితే పని అయిపోయినట్టే అని చాలామంది ఆడతారు. 2022 ప్లేటెస్ట్‌లో దాన్ని ట్రై చేశారు, తర్వాత తీసేశారు.

అంటే మా వాడి ప్రశ్నకి జవాబు: మనలా ఆడుకునేవాళ్లే రా!

ఆ రోజు నేను 11ని మార్చలేదు. డైస్ పడ్డాక మారిస్తే అది రూల్ కాదు, ఫేవర్. ఇంకో ప్లేయర్ హీలింగ్ వేసి విజార్డ్‌ని లేపాడు. ఆట అయ్యాక అందరం కూర్చుని ఒప్పుకున్నాం: ఫస్ట్ లెవెల్‌లో రాక్షసులకి 20 పడినా డబుల్ ఉండదు, డైస్ అందరి ముందే వేయాలి. వచ్చే వారం వాడు రాడేమో అనుకున్నా. అందరికన్నా ముందే వచ్చాడు.

మీ టేబుల్ రూల్ ఏంటి? ఆట మొదలయ్యే ముందే తేల్చుకోండి. ఉంటాను!