ఆంగ్ల సంభాషణములో పాతనగరపు చుట్టములు



టెలివిజనులో ఆంగ్లనాటకములు చూచునపుడు, పాఠశాలలో ఆ భాషను చక్కగా నేర్చినవారు సైతము ఒక్కొక్కచోట తడబడుచుందురు. మాటలు వినబడును, భావము చేజిక్కదు. వ్యాకరణమునకు లొంగని ఆ వాడుకపలుకులు విని, తమకు ఆంగ్లమే రాదని చిన్నబుచ్చుకొను పిల్లలు హైదరాబాదు పాతనగరములో ఎందరో కలరు. ఆ పలుకులలో కొన్ని తమ వీధిభాషకు చుట్టములని వారెరుగరు. ఆ చుట్టరికపు కథయే నేటి ప్రసంగవిషయము.

1591లో చార్మినారు చుట్టును వెలసిన ఈ నగరములో తెలుగు, ఫారసీ, మరాఠీ కలిసి మెలగినవి. దక్కనీ వాటినుండి మాటలు పుచ్చుకొనినది. ఇచ్చటివారు 'వద్దు' అనుటకు వాడు 'నక్కో' మరాఠీ సొత్తే. 1798లో నిజాము అలీఖాను ఇంగ్లీషువారితో సైన్యసహాయపు సంధి చేసికొనెను. 1806లో సికందర్ జా పేర సికిందరాబాదు వెలసి, దండునకు స్థానమయ్యెను. ఇట్టి దండులు దేశమంతట నుండెను. తెల్లసిపాయి బజారులోను, నౌకరులతోను హిందూస్థానీ ముక్కలు నేర్చెను; వాటినే స్వదేశమునకు మోసికొనిపోయెను.

'దేఖో' అను మాట ఆంగ్లములో 'డెక్కో' యయ్యెను. మనకది 'చూడుము' అను ఆజ్ఞ. వారికి 'ఒక చూపు' అను నామవాచకము. 'ఖుష్' అనునది 'కుషీ'గా మారి, శ్రమలేని కొలువునకు పేరయ్యెను. 'విలాయతి' యనునది 'బ్లైటీ' యయ్యెను. 1914–18 యుద్ధములో 'బ్లైటీ గాయము' అనగా ప్రాణము తీయక, సిపాయిని ఇంటికి చేర్చు గాయము. ఒక్క మాటలో ఎంత దైన్యము, ఎంత ఆశ! నాసికు చెంత దేవలాలీ శిబిరములో ఓడలకై వేచి వేచి విసిగినవారిని బట్టి, మతి తప్పుటకు 'డూలాలీ' అను పలుకు పుట్టెను. 1974లో బి.బి.సి. వారు ఆ శిబిరమునే రంగస్థలముగా గొని ఒక హాస్యధారావాహికను ప్రారంభించిరి.

అన్ని మార్పులును నిర్దోషములు కావు. మొహర్రము పదవనాడు దబీర్‌పురాలోని బీబీ కా అలావానుండి ఊరేగింపు వెడలునపుడు హసను హుసేనులను తలచి జనులు విలపింతురు. ఇట్టి శోకధ్వనినే తెల్లసిపాయిలు 'హాబ్సన్ జాబ్సన్' అని వికృతము చేసిరి. యూల్, బర్నెల్ పండితులు 1886లో వెలువడిన తమ ఆంగ్లో ఇండియను పదకోశమునకు ఆ పేరే యుంచిరి. మన కవులును గోలకొండ ప్రభువైన మలిక్ ఇబ్రహీమును మల్కిభరాముడని మార్చిరి. రెండును నాలుక చేసిన మార్పులే. ఒకదాని వెనుక ఆదరము, రెండవదాని వెనుక అలక్ష్యము. నిఘంటువు ఈ తేడాను వినిపింపజాలదు.

అయినను, మాట మనదేయని తొందరపడరాదు. 'పక్కా' యనిన మనకు దృఢము, నిశ్చయము. 1999లో జేమీ ఆలివర్ అను వంటగాడు టెలివిజనులో 'పుక్కా' యని మెచ్చుకొనినపుడు అది 'బహు బాగు' అను ప్రశంస. దూరమేల? 'పర్సోం' అనిన ఢిల్లీవారికి మొన్న, లేదా ఎల్లుండి. హైదరాబాదువానికి అది గడచిన యే దినమైనను కావచ్చును! ఢిల్లీ అతిథి ఇచ్చట తికమకపడిన, వానికి ఉర్దూ రాదని మనమందుమా?

కావున వాడుకపలుకు వినబడినపుడు మూడు సంగతులు గమనింపుడు: పలికినవారెవరు, ఎవరితో పలికిరి, పరిహాసముగనా కోపముగనా. పలుకుబడికి అర్థము పలికెడి మనుష్యుల నడుమ నుండును. ఆంగ్లనాటకములో ఒక మాట అర్థము కాకపోవుట అజ్ఞానము కాదు. ఆ మనుష్యులతో పరిచయము ఇంకను కుదరలేదనుట మాత్రమే. పరిచయము వినికిడిచే కలుగును. దక్కనీ యాసను వెండితెరపై నవ్వులకు వాడుకొనువారును ఈ సంగతి తెలిసికొనవలెను: ఆ బజారు నుడులే సముద్రములు దాటి ఆంగ్లమునకు అలంకారములైనవి.