శుక్రుడు ఆడా, మగా?

శుక్రవారం పొద్దున్నే విజయవాడ ఇంద్రకీలాద్రి మెట్ల మీద చూడండి. పసుపూ కుంకుమా, పూలూ గాజులూ పట్టుకుని ఎంతమంది ఆడవాళ్లో! శ్రావణ శుక్రవారమైతే చెప్పనే అక్కర్లేదు. తలంటు, గడపకి పసుపు, సాయంత్రం పేరంటం. వారంలో ఆడవాళ్ల రోజంటూ ఒకటుంటే అది శుక్రవారమే. ఆడపిల్లని ఆ రోజు అత్తవారింటికి పంపరు, ఇంట్లో లక్ష్మి వెళ్లిపోయినట్టని. మరి ఆ వారానికి పేరిచ్చిన పెద్దమనిషి ఎవరంటే గడ్డమూ, జపమాలా, ఒంటికన్నూ ఉన్న రాక్షసగురువు శుక్రాచార్యులవారు!

ఆ కన్ను పోయిన కథ మీకు తెలిసిందే. బలిచక్రవర్తి దానం ధారపోయబోతుంటే ఈయన కలశం కొమ్ములో దూరి నీళ్లకి అడ్డుపడ్డాడు. వామనుడు దర్భతో పొడిచాడు. శిష్యుడి మేలు కోరి కన్ను పోగొట్టుకున్న గురువు మరొకరున్నారా అని నాకెప్పుడూ ఆయన మీద కాస్త జాలే.

ఇదే చుక్కని రోమనులు వీనస్ అన్నారు. అందానికీ ప్రేమకీ అధిదేవత. గ్రీకులకి ఆఫ్రొడైటీ. వాళ్లకంటే ఎంతో ముందు బాబిలోను వాళ్లకి ఇష్తార్. అమ్మిసదూక అనే రాజు కాలంలో, అంటే సుమారు మూడు వేల ఆరువందల ఏళ్ల కిందట, ఈ చుక్క ఎప్పుడు కనబడిందో ఎప్పుడు మాయమైందో ఇరవయ్యొక్క ఏళ్ల లెక్క రాసిపెట్టుకున్నారు. ఆ లెక్కల ప్రతులు మట్టిపలకల మీద దొరికాయి. అక్కడ ఆడది, ఇక్కడ మగవాడు. ఆకాశంలో ఉన్నది మాత్రం ఒకటే చుక్క.

మనవాళ్లు గ్రహాలకి చాలావరకు చూసిన గుణాన్ని బట్టి పేరు పెట్టినట్టు కనిపిస్తుంది. శుక్ర అంటే తెల్లగా మెరిసేది. అంగారకుడంటే నిప్పు కణిక. ఇరవైతొమ్మిదిన్నర ఏళ్లకి గాని ఒక చుట్టు పూర్తిచేయని నిదానస్తుడు శనైశ్చరుడు, అంటే మెల్లగా నడిచేవాడు. ఆ పేరుకే భయపడి మన పురోహితులు సంకల్పంలో ‘స్థిరవాసరే’ అని సర్దేస్తారు! పల్లెల్లో రైతులకి ఈ పురాణాలేవీ అక్కర్లేదు. తెల్లవారుజామున కనబడింది కాబట్టి అది వేగుచుక్క, అంతే. ఉన్నవాటిలో నాకు నచ్చిన పేరు అదే.

ఇక బుధుడి పుట్టుక సంగతి మనవైపు నాటకాలు చూసినవాళ్లకి ‘తారాశశాంకం’ పుణ్యమా అని బాగానే తెలుసు. బృహస్పతి భార్య తారని చంద్రుడు తీసుకుపోతే దేవదానవ యుద్ధం వచ్చింది. బృహస్పతి మీది కక్షతో శుక్రుడు చంద్రుడి పక్షం చేరాడు. చివరికి తారని తెచ్చి భర్తకి అప్పగించారు. బిడ్డ ఎవరిదని అందరూ ఆమెని గుచ్చిగుచ్చి అడిగారు గాని, నీకేం కావాలమ్మా అని ఒక్కరూ అడగలేదు చూశారా! సిగ్గుతో చాలాసేపు మాట్లాడక, చివరికి చంద్రుడిదే అంది. ఆ బిడ్డే బుధుడు.

కథల్లోని ఈ ఇద్దరు గురువుల పట్టు మన ఇళ్ల మీద ఇంకా ఉంది. గురుడు కన్యారాశిలోకి వస్తే కృష్ణకి పుష్కరాలు. 2016 ఆగస్టులో వచ్చాయి, మళ్లీ 2028లో. ఇక గురుడుగాని శుక్రుడుగాని సూర్యుడికి మరీ దగ్గరై కనబడకుండా పోతే మూఢం. శుక్రుడు సూర్యుడికి అవతలి పక్కకి పోయినప్పుడు రెండు నెలల దాకా కనబడడు. ఇవతలగా వచ్చినప్పుడైతే వారం పది రోజుల్లో బయటపడతాడు. అన్నాళ్లూ విజయవాడలో కల్యాణమండపాలకి తాళాలు, సన్నాయి మేళానికి సెలవు. సంబంధం కుదిరి మూఢంలో చిక్కుకున్న ఆడపిల్ల తల్లిని అడగండి, ఆ నెలలు ఎలా గడుస్తాయో. ఈలోగా అవతలివాళ్ల మనసు మారితే? వెలుగు కంటికి ఆనకపోతే ముహూర్తం ఆగాలనడం ఒకప్పటి ఆచారం. ఆ చుక్క ఎక్కడికీ పోలేదని మనకిప్పుడు తెలుసు.

మళ్లీ శుక్రవారం దగ్గరికి వద్దాం. మనకి పూర్వం తిథులూ నక్షత్రాలే గాని వారాలు లేవు. గ్రహాలని నిదానపువాడి నుంచి వేగస్తుడి దాకా వరసగా శని, గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అని నిలబెట్టి గంటకొకరిని అధిపతిని చేశారు. శనితో మొదలుపెట్టి వేళ్ల మీద లెక్కపెట్టండి, ఇరవై అయిదో గంట సూర్యుడిదవుతుంది. అందుకే శనివారం తర్వాత ఆదివారం. ఈ లెక్క గ్రీకు, రోమను లోకం నుంచి మన దేశానికొచ్చింది. ‘హోర’ అనే మాటే గ్రీకుది. మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో క్రీ.శ. 484 నాటి గుప్తుల శాసనంలో గురువారం ప్రస్తావన ఉంది.

అక్కడ అమ్మవారి రోజైనది ఇక్కడికొచ్చి ఆచార్యులవారి రోజైంది. అయినా ఆడవాళ్లు దాన్ని వదల్లేదు, లక్ష్మిని తెచ్చి కూర్చోబెట్టారు. నాకైతే అలాగే తోస్తుంది. పురాణం తెలిసినవాళ్లు వేరే మాట చెబుతారు. లక్ష్మి భృగుమహర్షి కూతురు, అందుకే భార్గవి. శుక్రుడూ భార్గవుడే. కాబట్టి అన్నాచెల్లెళ్ల వరస. సరే, పుట్టింటి రోజనుకున్నా బాగానే ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో రష్యావాళ్లూ అమెరికావాళ్లూ వ్యోమనౌకలు పంపితే అక్కడ 460 డిగ్రీల పైన వేడి, విడవని మబ్బులు కనిపించాయి. మబ్బుల్లోంచి రాడారుతో నేల పటం గీశారు. కొండలకీ లోయలకీ పేర్లు కావలసివచ్చాయి. ఆ గ్రహం మీద అన్నీ ఆడవాళ్ల పేర్లే పెట్టాలని అంతర్జాతీయ ఖగోళ సంఘం నియమం. ఉత్తరాన ఇష్తార్ పేరుతో ఓ పెద్ద ఎత్తైన నేల ఉంది. దాని మీద విశాలమైన పీఠభూమి. దాని పేరు లక్ష్మి! తూర్పు అంచున పదకొండు కిలోమీటర్ల ఎత్తున నిలబడ్డ పర్వతాలకి మాత్రం మాక్స్‌వెల్ అనే శాస్త్రజ్ఞుడి పేరుంది. అక్కడున్న ఒకే ఒక్క మగపేరు అది. నియమం రాకముందే పెట్టేశారు కాబట్టి అలాగే ఉంచేశారట.