వణుకు నణచు విద్యుత్తు

శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చిలో ప్రారంభమైనది. అచ్చటి లోహపరీక్ష ద్వారము కడ కార్డు చూపి, చేతితో తనిఖీ చేయుడని కోరవలసిన ప్రయాణికులు కొందరుందురు. వారి ఱొమ్మున చర్మము క్రింద చిన్న విద్యుద్యంత్రము. దానినుండి మెడమీదుగా మెదడు లోపలివరకు సన్నని తీగ. బలమైన అయస్కాంత ప్రభావమున ఆ యంత్రము ఆగవచ్చును. ఆగినచో చేతివణుకు మరల తలయెత్తును. కంపవాతమునకు ఈ చికిత్స యేర్పడిన చరిత్ర దీర్ఘమైనది.

1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగులను గూర్చి చిన్న పుస్తకము వ్రాసెను. వ్యాధికి ఆయన పేరే నిలిచినది. మందు మాత్రము నూటయేబది యేండ్లకు గాని చేతికందలేదు. చిత్రమేమన, ఆ మందైన లీవోడోపాను 1937లోనే మద్రాసున దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు మన దూలగొండి గింజలనుండి వేరుచేసిరి! అది ఈ రోగమునకు పనికివచ్చునని అప్పటికెవ్వరును ఎఱుగరు. మెదడున డోపమైను తరుగుదల 1960లో వియన్నాలో బయటపడినది. 1967లో అమెరికాలో కొట్జియాస్ లీవోడోపా ఫలితమును చూపెను.

అంతకుముందు శస్త్రవైద్యులు మెదడులోని థాలమస్‌లో చిన్న భాగమును మాడ్చి వణుకు తగ్గించెడివారు. మద్రాసులో డాక్టరు బి. రామమూర్తి బృందము ఈ విద్యలో పేరుగాంచినది. అందలి డాక్టరు టి. ఎస్. కనక 1975లో మెదడున ఎలక్ట్రోడును దీర్ఘకాలము నిలుపు శస్త్రచికిత్స చేసిరి. దేశమున అదియే మొదటిదందురు.

మాడ్చిన భాగము తిరిగిరాదు. ఇరువైపుల మాడ్చినచో మాట తడబడు ప్రమాదము. అందుచే, చోటు సరియైనదో కాదో తెలియుటకు ముందుగా కొద్ది విద్యుత్తు పంపి చూచెడివారు. సెకనుకు నూఱుసార్లకు మించి పంపినపుడు వణుకే ఆగినది! ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరమున బెనాబిద్ ఆ పరీక్షనే చికిత్సగా మార్చి 1987లో ప్రకటించెను. నా దృష్టిలో ఈ చరిత్రకు ప్రాణము ఇచ్చటనే యున్నది: విద్యుత్తును తగ్గింపవచ్చును, ఆపవచ్చును, కాల్చిన గాయమును మాన్పలేము. 1990లో డీలాంగ్ బృందము కోతులపై చేసిన పరిశోధన థాలమస్ దిగువనున్న మఱియొక కేంద్రమును చూపినది. 1993లో బెనాబిద్ బృందము అచ్చటికి తీగ పంపగా, వణుకుతోపాటు బిగువు, మందగతి కూడ తగ్గినవి.

హైదరాబాదున పంజాగుట్టలోని నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థలో ఈ చికిత్స జరుగుచున్నది. తీగ నమర్చునపుడు తఱచుగా రోగి మేలుకొనియే యుండి వైద్యునితో మాటాడును. తరువాత, మనము రేడియో మీట త్రిప్పి స్టేషను పట్టినట్లు, విద్యుత్తును కొన్ని వారములు సరిచేయుదురు. వ్యయము లక్షలలో నుండును. లీవోడోపాకు లొంగు లక్షణములే సాధారణముగా దీనికిని లొంగును. మఱపు, మాట తడబాటు దీనివలన తగ్గవు.