వెనక యాక్సిల్ రేషియో: పికప్ బండికి లాగుడు, పట్టు

పికప్ బండి వెనక హౌసింగ్‌లో ఉండే క్రౌను అనే పెద్ద గేరు పళ్ల సంఖ్యను, దాన్ని తిప్పే పినియను అనే చిన్న గేరు పళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది వెనక యాక్సిల్ రేషియో. క్రౌనుకు 43, పినియనుకు 8 పళ్లుంటే అది 5.38. ప్రొపెల్లర్ షాఫ్టు అన్ని చుట్లు తిరిగితేగాని చక్రం ఒక్క చుట్టు తిరగదు. ఈ అంకె పెరిగితే లాగుడు పెరుగుతుంది, వేగం తగ్గుతుంది.

అదే హౌసింగ్‌లో ఉండి, మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌కు ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెకర్ 1820ల చివర్లోనే పేటెంటు పొందాడు. 1898లో లూయీ రెనో తన కారులో గొలుసులు తీసేసి షాఫ్టుతోనే వెనక యాక్సిల్‌ను తిప్పాడు. 1920ల నడుమ ప్యాకార్డ్ కార్లలోకి హైపాయిడ్ గేర్లు వచ్చాయి. వీటిలో పినియను క్రౌను నడిమికన్నా కిందికి ఉంటుంది కాబట్టి పళ్లు ఎక్కువ మేర ఆనుకుని, చప్పుడు లేకుండా బరువు మోస్తాయి.

మన దేశపు పికప్ బళ్ల కథ జీపుతో మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపు రేషియో 4.88. యుద్ధం ముగిశాక పొలం పనులకూ పనికొస్తుందంటూ అమ్మిన సీజే జీపులకు 5.38 వేశారు. 1947లో మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పు చేపట్టింది. తర్వాత డీజిల్ ఇంజిన్లు వచ్చాయి. ఇవి తక్కువ చుట్లలోనే బలం చూపుతాయి, పెట్రోలు ఇంజిన్లంత వేగంగా తిరగలేవు. అందుకే వాటికి పెద్ద రేషియో పెడితే బండి రోడ్డు మీద డీలాపడుతుంది. 1980లలో హైదరాబాదు ఆల్విన్ సంస్థ నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో చిన్న ట్రక్కులు తయారుచేసింది. 1986లో టాటా 407, 2005లో టాటా ఏస్ వచ్చాయి.

రేషియో ఎంపిక ఎంత చిక్కైనదో విజయవాడ దగ్గరి గన్నవరంలో బాగా అర్థమవుతుంది. ఊరి మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి పోతుంది. ఉత్తరాన నూజివీడు మెట్ట, మామిడి తోటలు. దక్షిణాన ఏలూరు కాలువ, దాని అవతల రేగడి మాగాణి. ఒకే బండి పొద్దున వరి బస్తాలతో కాలువ గట్టున నడిచి, మధ్యాహ్నానికి రహదారి ఎక్కుతుంది. చుట్టుకు 2.3 మీటర్లు నడిచే టైరు, డైరెక్ట్ టాప్ గేరు, ఇంజిను నిమిషానికి 2000 చుట్లు అనుకుంటే, 5.38 రేషియోతో బండి గంటకు 51 కిలోమీటర్లు పోతుంది, 4.1తో 67. చక్రం దగ్గర లాగుడు మాత్రం 5.38కి సుమారు 31 శాతం ఎక్కువ.

రేషియో పెంచితే బురదలో దిగబడదన్న నమ్మకం తప్పు. పట్టు ఇచ్చేది టైరు, నేల, వెనక యాక్సిల్ మీద పడే బరువు. తడి రేగడి తట్టుకోగలిగినదాన్ని మించి బలం వస్తే చక్రం ఉన్నచోటే తిరిగి గొయ్యి తవ్వుతుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమాన బలమే ఇస్తుంది; ఒకటి జారితే రెండోదానికీ అంతే అందుతుంది. ఖాళీ పికప్ వెనక తేలికై త్వరగా జారుతుంది, నిండు బండి పట్టు సాధించినా మెత్తటి నేలలో కూరుకుపోతుంది. పెద్ద రేషియో వల్ల దక్కేది వేరు: క్లచ్ కాల్చకుండా నింపాదిగా కదిలే సౌకర్యం, నూజివీడు వైపు ఎత్తుల్లో లోడుతో ఆగకుండా ఎక్కే బలం. కాలువ అవతలి డెల్టాలో దాదాపు అంతా చదునే కనుక, రహదారి మీద ఎక్కువగా తిరిగే బండికి 4 చుట్టుపక్కల రేషియోనే మేలు. గట్టు పనికి లోతైన గాళ్లున్న టైర్లు, రెండు చక్రాలనూ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్ ముందు చూసుకోవాలి.

విజయవాడ ఆటోనగర్‌లో గానీ మరెక్కడైనా గానీ రేషియో మార్పిస్తే క్రౌను, పినియను జతగానే మార్చాలి, ఎందుకంటే అవి కర్మాగారంలో ఒకదానితో ఒకటి ఒరిపిడి పెట్టిన జంట. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ముందు యాక్సిల్ కూడా అదే రేషియోకు రావాలి. గేర్‌బాక్సు నుంచి లెక్క తీసుకునే స్పీడోమీటరును కూడా సరిచేయించాలి, 5.38 నుంచి 4.1కి దించి అలాగే వదిలేస్తే అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది.